సత్తియ్య కోసిన రాళ్ళు

రాయిని అవతలి వెలుతురు కనిపించేంత పల్చగా అరగదీయగల మనిషిని నా జీవితంలో ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు సత్తియ్య.

కశింకోట దగ్గర ఒక పల్లె ఆయనది. ఇంటిల్లిపాదీ చెరుకు నరికే కూలికి వెళ్ళేవాళ్ళు. ఏడో తరగతితో బడి మానేశాడు. ఇరవై రెండో ఏట అనకాపల్లిలో ఒక ప్రైవేటు కాలేజీలో స్వీపరుగా చేరాడు. ఆ కాలేజీలో అప్పట్లో జియాలజీ డిపార్టుమెంటు ఉండేది. రాళ్ళు కోసే పాత అటెండరు రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవర్నీ తీసుకోలేదు. డిపార్టుమెంటు పెద్ద చంద్రమౌళి మేస్టారు, గది తుడవడానికి వచ్చిన సత్తియ్యను పిలిచి "మిషను నేర్చుకుంటావా?" అని అడిగారు. "నేర్పితే నేర్చుకుంటానండి" అన్నాడట. అలా చీపురు పక్కన పెట్టినవాడు ఇరవై ఏడేళ్ళు రాళ్ళు కోశాడు. కాలేజీ రిజిస్టరులో మాత్రం చివరిదాకా స్వీపరే.

రాయిలో ఏముందో తెలియాలంటే దాన్ని పల్చటి పలకగా చేసి మైక్రోస్కోపు కింద చూడాలి. ముందు రంపపు చక్రం మీద బిస్కెట్టంత ముక్క కోస్తారు. ఒక పక్క నున్నగా చేసి గాజుపలకకి అంటిస్తారు. రెండో పక్కని గరుకు పొడితో రుద్ది రుద్ది, కోడిగుడ్డు పెంకు మందంలో పదో వంతుకి తేవాలి. నాలుగు రుద్దులు ఎక్కువైతే రాయంతా పొడిలో కలిసిపోయి వట్టి గాజు మిగులుతుంది. తక్కువైతే కింద ఏదీ సరిగ్గా కనబడదు. పెద్ద పెద్ద లాబుల్లో మందం కొలవడానికి మీటర్లుంటాయి. సత్తియ్యకి బొటనవేలు ఉండేది. వేలితో తడిమి, వెలుతురుకేసి ఎత్తి చూసి, "ఇంకో పది రుద్దులు" అనేవాడు. పది రుద్దితే సరిపోయేది.

నేను 2004లో ఆ కాలేజీలో బీయస్సీలో చేరాను. మాది గవరపాలెం. ఇంజనీరింగు సీటు రాక, ఇంకేదీ తోచక జియాలజీ తీసుకున్నదాన్ని. మొదటి ప్రాక్టికల్ రోజున మైక్రోస్కోపులో కన్ను పెట్టి ఏమీ అర్థంకాక కూర్చుంటే, వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఆ పలక కింద గుండ్రటి బల్ల తిప్పమ్మా. తిప్పితేనే కదా కనబడతాది."

తిప్పాను. అప్పటిదాకా మురికి గాజులా ఉన్నదాంట్లో రంగులు లేచాయి. గులాబీ, నీలం, ఆకుపచ్చ. ఇంకాస్త తిప్పితే ఆరిపోయాయి. మళ్ళీ తిప్పితే మళ్ళీ వెలిగాయి. బల్ల మీద చూస్తే అదే రాయి, బొగ్గులా నల్లగా ఉంది.

"బాబాయ్, ఇంత నల్ల రాయిలో ఈ రంగులెక్కడివి?" అన్నాను.

"అందులోయేనమ్మా. మనం సూడక" అన్నాడు సత్తియ్య. "మూలన తెల్ల గింజుంటాది సూడు. బూడిద రంగు వచ్చిందా, పసుపొచ్చిందా?"

"బూడిద రంగే."

"అయితే సరిపోయినాది. పసుపొచ్చిందంటే నాను ఇంకా రుద్దాల."

ఆ రోజునుంచి నేను ఆ సబ్జెక్టుని ఇష్టపడ్డాను. నన్నెవరైనా ఎందుకు ఇష్టమని అడిగితే మేస్టారి పేరు చెప్పేదాన్ని.

మాకు మూడో ఏడు సిలబస్‌లో గ్రహాల గురించి ఒక చిన్న పాఠం ఉండేది. పరీక్షలో ఒక ప్రశ్న వచ్చేది, అది కూడా ఛాయిస్‌లో పోయేది. చంద్రమౌళి మేస్టారికి మాత్రం అదే ప్రాణం. ఏ ఏడు పిల్లలకైనా సరే, సమయం దొరికితే అందులోకే వెళ్ళిపోయేవారు. ఆ క్లాసు జరుగుతున్నంతసేపూ సత్తియ్య మిషను ఆపేసి, చేతులకి పిండిలా అంటుకున్న రాతిపొడి దులుపుకోకుండానే గుమ్మంలో నిలబడేవాడు. మేస్టారు ఆయన్ని ఎప్పుడూ లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు.

2005 జనవరిలో ఒకరోజు మేస్టారు పేపరు కత్తిరింపు తెచ్చారు. శనిగ్రహం చుట్టూ తిరిగే టైటాన్ అనే చందమామ మీద ఒక యంత్రం దిగి పంపిన బొమ్మ అది. నారింజరంగు పొగమంచులో గులకరాళ్ళు. అక్కడ అంత చలికి వంటగ్యాసులాంటి వాయువులే నీళ్ళలా మారి వానై కురుస్తాయని, వాగులై పారతాయని, ఆ రాళ్ళు నిజానికి రాళ్ళు కావనీ, ఇనుములా గట్టిపడిన మంచుగడ్డలనీ చెప్పారు. మాలో ఒకడు "అక్కడికి గ్యాసు సిలిండరు పట్టుకెళ్తే చాలన్నమాట" అన్నాడు. అందరం నవ్వాం.

గుమ్మంలోంచి సత్తియ్య, "గుండ్రంగా ఉన్నాయి కదండీ" అన్నాడు.

"ఏమిటి?" అన్నారు మేస్టారు.

"రాళ్ళండి. మూలలు అరిగిపోయి ఉన్నాయి. శారదా నదిలో రాళ్ళు అలాగే ఉంటాయి. కొండమీంచి విరిగిపడ్డప్పుడు మూలలుంటాయి, ఏట్లో దొర్లితే పోతాయి. అంటే అయి కూడా దొర్లుకుంటా వచ్చీసినాయి."

మేస్టారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "విన్నారా? ఆ బొమ్మ చూసి శాస్త్రవేత్తలు చెప్పిన మాట అదే" అన్నారు. సత్తియ్య సిగ్గుపడి మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆయన ఆ కబుర్లన్నీ ఇంటికి మోసుకెళ్ళేవాడని చాలా ఏళ్ళ తర్వాత ఆయన భార్య మరిడమ్మ చెప్పింది. సాయంత్రం షేరాటో దిగి, చెయ్యి కడుక్కుని, అన్నం ముందు కూర్చుని మొదలెట్టేవాడట. అంగారకుడి మీద మన హిమాలయాల్లోని పెద్ద శిఖరాలు రెండింటిని ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా అందనంత అగ్నిపర్వతం ఉందని. టైటాన్‌లో వాన చినుకు మన చినుకుకంటే పెద్దదని, కానీ దూది రాలినట్టు మెల్లగా దిగుతుందని.

"అక్కడ సెరుకు పండుతాదా?" అనేది మరిడమ్మ. పొద్దున్నుంచీ చేలో చెరుకు కొట్టొచ్చిన మనిషి.

"పండదే."

"వరి?"

"ఏటీ పండదు. మనుషులే లేరు."

"మరెందుకయ్యా అంత వాన!" అనేదట. ఇద్దరూ నవ్వుకునేవారట. వాళ్ళకి పిల్లల్లేరు. రాత్రి భోజనాల దగ్గర వాళ్ళ మాటలు అవే.

ఆ ఏడాది చివర్లో రావికమతం వైపునుంచి ఒక రైతు గోనెసంచీలో ఒక రాయి తెచ్చాడు. మిట్టమధ్యాహ్నం పెద్ద చప్పుడుతో వచ్చి చెరుకుతోటలో పడిందట. కొబ్బరికాయంత ఉంది. పైన మాడిన అట్టులాంటి నల్లటి పొర. మేస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. అది ఉల్క. నియమం ప్రకారం దాన్ని సర్కారు వాళ్ళకి అప్పగించారు. కోసి చూసుకోవడానికి గోరంత ముక్క మాత్రం వాళ్ళ అనుమతితో డిపార్టుమెంటుకి మిగిలింది.

ఆ గోరంత ముక్కని సత్తియ్య చేతిలో పెట్టారు. పాడైతే ఇంకో ముక్క లేదు. అందులో ఇనుము ఉంటుంది, నీళ్ళు తగిలితే తుప్పు పడుతుంది కాబట్టి కిరసనాయిలుతో అరగదీశాడు. మూడు రోజులు టీకి కూడా బయటికి రాలేదు. నాలుగో రోజు పొద్దున గాజుపలక తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాడు. మేస్టారు, "నువ్వు చూడు ముందు" అన్నారు.

సత్తియ్య కన్ను పెట్టి బల్లని కొద్దికొద్దిగా తిప్పాడు. మేమంతా చుట్టూ నిలబడ్డాం.

"ఏముందిరా?" అన్నారు మేస్టారు.

"సినుకులండి" అన్నాడు. "గుండ్రంగా, ఒకదాని పక్కనొకటి. రాతి సినుకులు."

నిజంగా అంతే. సూర్యుడి చుట్టూ ఇంకా భూమి కూడా తయారుకాని రోజుల్లో, కరిగిన రాయి చుక్కలు చుక్కలుగా శూన్యంలో తేలి చల్లారిపోయిన గుళికలవి. వయసు నాలుగు వందల యాభై ఆరు కోట్ల ఏళ్ళు. మేస్టారు అది చెబితే సత్తియ్య మళ్ళీ వంగి చూశాడు. "అప్పటికి మనూరు కొండ కూడా లేదన్నమాట" అన్నాడు. ఆ పూట ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తుంది. ఆయనకి జీవితంలో అంతకంటే మంచి రోజు వచ్చి ఉంటుందని నేననుకోను.

ఇక నేను చెప్పడానికి ఇష్టపడనిది చెబుతాను.

2006 మే నెలలో నాకు ప్రాజెక్టు పని పడింది. మా చుట్టుపక్కల కొండల్లో దొరికే రాయి మీద. రావికమతం, రోలుగుంట వైపు తిరిగి ముప్పై రెండు రాళ్ళు ఏరుకొచ్చాను. నాకు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు కావాలి. మంచి ప్రాజెక్టు చేస్తే వస్తుందని ఎవరో అన్నారు. వారంలో ముప్పై రెండూ కోసిపెట్టమని సత్తియ్యని అడిగాను.

"ట్యాంకులో నీళ్ళు లేవమ్మా. మోటారు కాలిపోయి పది రోజులయ్యింది. నీళ్ళోసుకుంటా కొయ్యాల, లేపోతే దుమ్ము లేత్తాది" అన్నాడు.

"బకెట్టుతో తేలేమా బాబాయ్?"

"బకెట్టు ఏ మూలకి? చక్రానికి ధార పడతానే ఉండాల."

నేను ముఖం చిన్నబుచ్చుకున్నాను. అంతకుమించి ఏమీ అనలేదు. అనక్కర్లేకపోయింది. ఆయన నా ముఖం చూసి, "సర్లే, సూత్తాను" అన్నాడు.

ముక్కుకి తువ్వాలు కట్టుకుని, తలుపు మూసిన ఆ చిన్న గదిలో ముప్పై రెండు రాళ్ళనీ పొడిగా కోశాడు. ఆ రాళ్ళలో సగానికి సగం క్వార్ట్జు, అంటే పలుగురాయి. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్ళీ బయటికి రాదు. ఆ సంగతి మా పుస్తకంలో లేదు. తర్వాతెప్పుడో మేస్టారు చందమామ మీది దుమ్ము గురించి చెప్పినప్పుడు కూడా నాకు తట్టలేదు. అక్కడ గాలీ నీరూ లేవు కాబట్టి దుమ్ము రేణువులు అరగవనీ, గాజుపెంకుల్లా పదునుగా ఉంటాయనీ, అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు దాన్ని పీల్చి తుమ్ములతో, గొంతుమంటతో ఇబ్బందిపడ్డారనీ ఆయన చెప్పారు. నేను నోట్సు రాసుకున్నాను.

ఆరో రోజున సత్తియ్య గదిలోంచి బయటికొస్తే కనుబొమలు, రెప్పలు, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉన్నాయి. "బాబాయ్, పిండిమిల్లులోంచి వచ్చినట్టున్నావు" అని నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. నవ్వుతూ దగ్గాడు.

నా ప్రాజెక్టు ఒక్కటే కాదు. ఆ కాలేజీలో ట్యాంకు ఎండిపోయిన వేసవులు చాలా ఉన్నాయి. ప్రాజెక్టులూ చాలా ఉన్నాయి. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

నాకు ఎమ్మెస్సీ సీటు వచ్చింది. చదివాను. గ్రహాల మీద పరిశోధన చేయాలని రెండేళ్ళు తిరిగాను, ఎక్కడా కుదరలేదు. చివరికి ఎలమంచిలి దగ్గర రోడ్డు కాంట్రాక్టరు దగ్గర కంకర నాణ్యత చూసే ఉద్యోగంలో చేరాను. ఈలోగా మేస్టారు రిటైరయ్యారు. మరో రెండేళ్ళకి పోయారు.

2012 ప్రాంతంలో సత్తియ్యకి దగ్గు పట్టుకుంది. మనిషి చిక్కిపోయాడు. ఆస్పత్రిలో ఎక్స్‌రే చూసి టీబీ అన్నారు. కఫం పరీక్షలో ఏమీ లేకపోయినా మందులిచ్చారు. ఆరు నెలలు వాడాడు, తగ్గలేదు. ఇంకో ఎనిమిది నెలలు వాడాడు. సూదులు కూడా చేశారు. చెవిలో హోరు మిగిలింది, దగ్గు పోలేదు. ఈలోగా ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. టీకొట్టులో ఆయనకి కాగితం గ్లాసులో పోసేవారు. మరిడమ్మ చెల్లెలు నూకరత్నం తన మనవణ్ణి వాళ్ళింటివైపు పంపడం మానేసింది. ఆ బుడ్డోడు అంతకుముందు రోజూ సత్తియ్య మోకాళ్ళ మీద కూర్చుని చందమామ కబుర్లు చెప్పించుకునేవాడట.

2015లో విద్యార్థులు రావడం లేదని జియాలజీ డిపార్టుమెంటు మూసేశారు. సత్తియ్యని కూడా వద్దన్నారు. మూడేళ్ళ తర్వాత ఒకరోజు ఆయన నాకు ఫోను చేశాడు. గొంతు కంటే ఊపిరి ఎక్కువగా వినిపించింది.

"అమ్మా, మన గది ఖాళీ సేసేత్తన్నారంట. కొత్త బిల్డింగు కడతన్నారంట. ఓపాలి వత్తావా?"

నేను ఎలమంచిలి నుంచి బస్సెక్కి వెళ్ళేసరికి ఆయన అప్పటికే కాలేజీ వెనక నేలమీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పునాదుల గొయ్యి. నలభై ఏళ్ళపాటు ఎక్కడెక్కడినుంచో తెచ్చి, తెల్లరంగు చుక్క పెట్టి, నంబరు వేసి అల్మరాల్లో పెట్టిన రాళ్ళన్నిటినీ ఆ గోతిలో పోసేశారు. పైన ఇసుక కొడుతున్నారు. గాజుపలకల చెక్కపెట్టెలు ఒక మూల బోర్లించి ఉన్నాయి. పెట్టెలు పనికొస్తాయని పక్కన పెట్టి, గాజుని పారతో ఎత్తి చెత్త ట్రాక్టరులో వేస్తున్నారు. వాటిలో నాలుగువేల దాకా ఆయన చేత్తో చేసినవే.

సత్తియ్య లేచి ట్రాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఉల్కపలక కోసం వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. నేనూ చెయ్యి పెట్టాను. అన్నీ ముక్కలు. ఒక ముక్క మీద సగం నంబరు, ఇంకో ముక్క మీద ఏమీ లేదు. పార పట్టుకున్న కూలీ మంచివాడే. "బాబూ, చెయ్యి తెగిపోద్ది, ఒగ్గీయండి. ఏటుందందులో?" అన్నాడు.

"రాయి" అన్నాడు సత్తియ్య.

"రాళ్ళు అక్కడ గోతిలో ఉన్నాయి కదా బాబూ."

సత్తియ్య వెతుకుతూనే ఉన్నాడు. నా వేలు తెగి రక్తం కారితే తన తువ్వాలు చింపి కట్టాడు. నా ముఖం చూడలేదు.

మర్నాడే ఆయన్ని బలవంతాన విశాఖపట్నం తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు ఎక్స్‌రే దీపం ముందు పెట్టి, "ఏం పనిచేసేవాడివి?" అని అడిగాడు. ఆరేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి డాక్టరు అతనే. సత్తియ్య చెప్పాడు. డాక్టరు తలూపాడు. ఇది టీబీ కాదు, మొదటినుంచీ కాదు, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిపోయింది అన్నాడు. మందు లేదన్నాడు.

మందు లేదన్న మాట సత్తియ్య విన్నట్టే లేడు. "టీబీ కాదా బాబూ? ఒకరికి అంటుకోదు కదా?" అన్నాడు.

"అంటుకోదు."

"ఆ మాట ఓ కాయితం మీద రాసిత్తారా?"

డాక్టరు కాస్త ఇబ్బందిగా చూశాడు. మామూలుగా క్వారీవాళ్ళకీ క్రషరు వాళ్ళకీ వచ్చే జబ్బు ఇది. కాలేజీ స్వీపరుకి వచ్చిందని రాయాలంటే, ఇతను ఇన్నేళ్ళు రాయి కోశాడని కాలేజీవాళ్ళు ఒక లెటరు ఇవ్వాలి, అది తెస్తే రాసిస్తాను అన్నాడు. లేకపోతే ఎక్స్‌రే చూసి ఇవి పాత టీబీ మచ్చలని ఇంకో డాక్టరు అనొచ్చు కదా అన్నాడు.

సత్తియ్యకి ఆ కాగితం మీదే ధ్యాస. దాన్ని టీకొట్టులో చూపించాలి. నూకరత్నానికి చూపించాలి. అంతకుమించి దాంతో ఏ పనీ లేదు ఆయనకి.

కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు త్రినాధరావు గారు మమ్మల్ని కూర్చోబెట్టి, రిజిస్టరు తీయించి చూపించారు. 1988 నుంచి 2015 దాకా, స్వీపరు. "రాళ్ళు కోసేవాడని నాకూ తెలుసమ్మా, నేను కళ్ళారా చూశాను. కానీ రాయాలంటే ఏదో ఒక ఆధారం ఉండాలి కదా. మిషను ఇనపసామాన్లకి పోయింది. స్లైడులు పోయాయి. మేస్టారు లేరు. ఇతను కోశాడని ఎక్కడైనా ఒక్క ముక్క రాసుంటే చూపించండి, ప్రిన్సిపాలు దగ్గర పెట్టి సంతకం చేయిస్తాను" అన్నారు. ఆయన అబద్ధమాడారని నేననుకోను.

నా దగ్గర ఉంది అన్నాను. నా ప్రాజెక్టు రిపోర్టు. ముప్పై రెండు స్లైడుల ఫొటోలు, తేదీలతో, కాలేజీ ముద్రతో, మేస్టారి సంతకంతో. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళి అటకమీంచి దించి, మర్నాడు పొద్దున్నే పట్టుకెళ్ళాను. సత్తియ్య ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

త్రినాధరావు గారు పేజీలు తిప్పారు. ఫొటోలు చూశారు. "బాగుందమ్మా. పేరు ఎక్కడుంది?" అన్నారు.

మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంటుందన్నాను. ఆ పేజీ తీశారు. నేను వంగి చూశాను. ప్రిన్సిపాలు గారికి, చంద్రమౌళి మేస్టారికి, ఇతర లెక్చరర్లకి, అమ్మానాన్నలకి, స్నేహితురాళ్ళు ముగ్గురికి పేరుపేరునా, చివరికి టైపు చేసిపెట్టిన జిరాక్సు షాపు అతనికి కూడా కృతజ్ఞతలు చెప్పాను. పేజీ అటూ ఇటూ తిప్పాను. సత్తియ్య పేరు లేదు. రాయాలని తట్టలేదు నాకు. కావాలని మానేసి ఉంటే ఇంత బాధపడేదాన్ని కాదేమో.

త్రినాధరావు గారు రిపోర్టు మూసి నా వైపు జరిపారు.

"నేను ఇప్పుడు రాసిస్తాను, సాక్ష్యం చెబుతాను" అన్నాను.

"ఇప్పుడు రాసింది ఇప్పటిదే అవుతుంది కదమ్మా" అన్నారు త్రినాధరావు గారు మెల్లగా. అయినా నా చేత అర్జీ రాయించుకున్నారు, ప్రిన్సిపాలుకి పంపారు. నెల తర్వాత, అలాంటి పోస్టు కాలేజీలో ఏనాడూ లేదని రెండు వాక్యాల జవాబు వచ్చింది.

ఆఫీసు మెట్లు దిగుతూ సత్తియ్య మూడుచోట్ల ఆగాడు. నేను ఏడుస్తుంటే, "పోన్లే అమ్మా. అందరూ అలాగే రాత్తారు. నాను మాత్రం అడిగేనేటి?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత కరోనా వచ్చింది. దగ్గే మనిషికి ఆ రెండేళ్ళు ఎలా గడిచి ఉంటాయో చెప్పక్కర్లేదు. వాళ్ళ గుమ్మం ముందునుంచి నడిచేవాళ్ళు వీధి అవతలి అంచుకి జరిగేవారు. మరిడమ్మని చెరుకు కూలికి పిలవడం మానేశారు. నేను నెలకోసారి వెళ్ళేదాన్ని. ఆయన మంచానికీ గోడకీ మధ్య ఒరిగి కూర్చునేవాడు, పడుకుంటే ఊపిరాడేది కాదు.

ఒకసారి నా ఫోనులో అంగారకుడి మీద తిరుగుతున్న యంత్రం తీసిన ఫొటో చూపించాను. ఎండిపోయిన నది అడుగు, పొరలు పొరలుగా రాయి. ఒకప్పుడైతే ఆయన ఆ ఫొటో చూసి గంటసేపు మాట్లాడేవాడు, నీరు ఎటునుంచి ఎటు పారిందో చెప్పేవాడు. ఆ రోజు ఫోను చేతిలోకి కూడా తీసుకోలేదు.

"దుమ్మే కదమ్మా" అన్నాడు.

"వాగు, బాబాయ్. చూడు, పొరలు..."

"దుమ్మేనమ్మా. ఎక్కడికెళ్ళినా అదే. అనవసరంగా ఏటేటో అనుకున్నాను." ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు, "ఆ వానలూ అయీ దానికి సెప్పి ఇన్నాళ్ళు మోసం సేసేను. కూలి సేసొచ్చి అన్నం తినేదాన్ని కూకోబెట్టి. ఎందుకు సెప్పేనో."

మరిడమ్మ వంటింట్లోంచి విన్నది.

2023 ఆగస్టులో మన నౌక చందమామ మీద దిగిన సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆయనకి చూపిద్దామనే వెళ్ళాను. పక్కింట్లో టీవీ గట్టిగా పెట్టారు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. మరిడమ్మ ఆయన వీపుకింద దిండు పెట్టి, నా ఫోను వైపు ముఖం తిప్పబోయింది. ఆయన గోడవైపే ఉండిపోయాడు. దిగిందనగానే పెద్ద కేక. చప్పట్లు. ఎవరో దీపావళికి దాచుకున్న టపాకాయల సరం వీధి మధ్యలో అంటించారు. పొగ కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఆయనకి దగ్గు తెరలు తెరలుగా అందుకుంది. పెదవులు నీలంగా తిరిగాయి. మరిడమ్మ పరుగున వెళ్ళి కిటికీ మూసింది, సందుల్లో పాతచీర కుక్కింది. నేను బయటికి వెళ్ళి, "ఆపండి, లోపల మనిషికి ఊపిరాడట్లేదు" అన్నాను. ఒక పెద్దాయన, "ఒక్క రోజే కదమ్మా, దేశమంతా పండగ సేసుకుంటోంది" అన్నాడు. అతను చెప్పిందాంట్లోనూ తప్పులేదు. నేను లోపలికి వచ్చేశాను. ఆ చీకటి గదిలో ముగ్గురం చాలాసేపు కూర్చున్నాం. ఆ రోజు నేను చందమామ మాట ఎత్తలేదు.

నెలా పది రోజులకి సత్తియ్య పోయాడు. తెల్లారేసరికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడని మరిడమ్మ చెప్పింది. మోయడానికి నలుగురు దొరకడం కష్టమైంది. త్రినాధరావు గారు వచ్చారు, ఒక భుజం పట్టారు. ఆ సంగతి కూడా చెప్పాలి.

పదకొండో రోజున నేను వెళ్ళేసరికి పొద్దున్నే మరిడమ్మ అరుగుమీద కూర్చుని టీ తాగుతోంది. అంటురోగం వస్తువులు ఇంట్లో ఉంచుకోకూడదని ఊళ్ళోవాళ్ళు పట్టుబట్టి ఆయన మంచం, దుప్పటి, చొక్కాలు అన్నీ తగలబెట్టించారట. కంచం, గ్లాసు గోతిలో పాతిపెట్టమన్నారట. కంచం పాతిపెట్టింది. గ్లాసు మాత్రం ఇవ్వలేదు.

"ఇది ఆయన గళాసు" అంది నాతో, వీధికి వినబడేలా. "రోజూ ఇందులోనే తాగుతన్నాను. ఇక్కడే, అందరూ సూత్తుండగానే. నాకేటైనా వచ్చిందా సెప్పు."

"ఏం రాలేదు పిన్నీ. రాదు."

"నాకు తెలుసమ్మా రాదని. ఆళ్ళకి తెలవాలి."

వీధిలో ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళ బిందెలతో వెళ్తున్నారు. మమ్మల్ని చూసి అవతలి పక్కకి జరిగారు. మరిడమ్మ వాళ్ళవైపే చూస్తూ గ్లాసు ఎత్తి ఇంకో గుక్క తాగింది. తర్వాత లోపలికి వెళ్ళి నాకు కూడా టీ తెచ్చింది.